ఒక్కసారే అడిగే మనిషి

ఆవిడ పోయిన సంగతి నాకు బంగాళాదుంపల దగ్గర తెలిసింది.

పని మీద కేంబ్రిడ్జ్ వెళ్ళాను, ఇంగ్లండుది కాదు, కెనడాది. తిరుగు బస్సుకు ఇంకా టైముంటే, చదువుకునే రోజుల్లో సరుకులు కొనుక్కున్న షాపులోకి ఊరికే వెళ్ళాను. దుంపలు ఏరుతున్న ఒక ముసలాయన నన్ను చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. పక్కింటాయన. అప్పట్లో మంచు పడ్డప్పుడల్లా మా వైపు కాలిబాట కూడా పారతో తోసిపెట్టేవాడు.

"నువ్వు ఆ బేస్‌మెంట్ అమ్మాయిల్లో ఒకతెవి కదూ?"

అవునన్నాను.

"మీ ఓనరావిడ పోయింది, తెలుసా? చలికాలం చివర్లో. నిద్రలోనే."

చేతిలో ఉన్న ఖాళీ కవరుకు ముడి వేశాను. ఆయనే అందుకున్నాడు. "మంచి మనిషే. కానీ ఒకటే అడగడం! నీ మోకాలెలా ఉంది, నీ కూతురు ఎందుకు విడిపోయింది, ఈసారి ఓటెవరికేశావు. ఇన్నేళ్ళు ఇక్కడున్నా ఆ అలవాటు పోలేదు. అమెరికన్ కదా మరి."

తలూపి బయటికొచ్చాను. బస్టాపులో నిలబడ్డాక గానీ ఆ మాట నాకు గుచ్చుకోలేదు. ఆయనకు ఆవిడ అడిగి అడిగి విసిగించిన మనిషి. మాకు ఆవిడ అడగని మనిషి. అయినా ఆవిడ గురించి మాట్లాడినప్పుడల్లా మేమూ ఆ చివరి మాటే అనేవాళ్ళం. అమెరికన్ కదా మరి.

కాలేజీలు మమ్మల్ని విమానాల కొద్దీ దించుకుంటున్న రోజులవి. మా క్లాసులో కొందరు ఒక్కో గదిలో నలుగురేసి, హాల్లో పరుపులు వేసుకుని ఉండేవారు. నేనూ లావణ్యా అదృష్టవంతులం. ఆవిడ తన ఇంటి బేస్‌మెంట్ మా ఇద్దరికే ఇచ్చింది. ఇంకో అమ్మాయిని కూడా తెచ్చుకోమా అని లావణ్య అడిగితే, "ముగ్గురికి ఆ బాత్రూం చాలదు. నేను ముగ్గురు అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగా, నాకు తెలుసు" అంది. లావణ్యది కరీంనగర్, నాది అమలాపురం. వారంలో కొన్ని రోజులు క్లాసులు, మిగతా రోజులు ఊరి చివర గోడౌనులో ప్యాకింగ్.

ఆవిడ పొడుగు మనిషి. పోయిన భర్త గళ్ళ చొక్కాలే వేసుకునేది, మోచేతుల దగ్గర తనే అతుకులు కుట్టుకుని. తెల్లజుట్టును కొత్తిమీర కట్టకు వచ్చే రబ్బరు బ్యాండుతో కట్టేసేది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులతో తొడలు చరుచుకుని లేచేది. ఆ చప్పుడు మా కప్పులోంచి వినిపించేది. నవ్వు కూడా. ఆవిడది సరస్సుకు అవతల, అమెరికా వైపు, మిషిగన్‌లో ఏదో చిన్న ఊరు. కెనడా ఆయన్ని పెళ్ళి చేసుకుని ఇటొచ్చేసింది. పిల్లలు లేరు. వీధిలో వాళ్ళకు ఇంకా ఆవిడ 'ఆ అమెరికన్'.

అమెరికా చూడకుండానే కెనడాలో దిగిన మాకు దొరికిన మొదటి అమెరికన్ ఆవిడే. దాంతో ఒక దేశం మొత్తం మాకు అర్థమైపోయింది.

మేము దిగిన మర్నాడు సాయంత్రం మెట్ల మీద రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆవిడెప్పుడూ అంతే. ఇల్లు తనదే అయినా పిలవనిదే మా వంటింట్లోకి అడుగుపెట్టేది కాదు. మూడో మెట్టు మీదే నిలబడేది. చేతిలో వెడల్పాటి పళ్ళెం, అందులో ఆపిల్ పై, పొగలు కక్కుతూ, దాల్చినచెక్క వాసనతో.

"పై చేశాను. తింటారా?"

పొద్దున్న తిన్న బిస్కెట్లు తప్ప మా కడుపుల్లో ఏమీ లేదు. అయినా ఇద్దరం ఒకేసారి, మన అత్తల ముందు పినతల్లుల ముందు అన్నట్టే అన్నాం.

"అయ్యో వద్దండీ, ఇప్పుడే తిన్నాం."

"ఓకే దెన్" అని ఆవిడ వెనక్కి తిరిగింది. పై కూడా ఆవిడతోపాటే మెట్లెక్కి వెళ్ళిపోయింది. వాసన మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

లావణ్య చాలాసేపు మెట్లవైపే చూసింది. "గంతేనా? మళ్ళ అడగదా? ఇంటిదాంక తెచ్చి వాపస్ తీస్కపోయిందే!"

"మనం వద్దన్నాంగా."

"వద్దంటం. అనకుంటే ఏం బాగుంటది? ఆమె జర బలిమి చెయ్యాలె గద!"

ఆ రాత్రి అన్నంలో ఆవకాయ కలుపుకుంటూ లావణ్య తీర్పు చెప్పేసింది. వీళ్ళకు ప్రేమలు ఉండవు. అడగాలి కాబట్టి అడుగుతారు, బాధ్యత తీర్చుకుంటారు, అంతే. నేను కాదనలేదు.

తర్వాత అలాంటివి ఎన్నో. చలి ముదిరిన రోజుల్లో, గోడౌనుకు దింపనా అంది. బస్సుంది కదండీ అన్నాం. ఓకే దెన్. మెట్ల మలుపులో ఆవిడ పుస్తకాల బీరువా ఉండేది. నేను బట్టలుతికే మెషిన్ దగ్గరికి వెళ్తూ అక్కడ ఆగడం చూసి, చదువుతావా, కావలసింది తీసుకో అంది. పట్టుబడిపోయినట్టయి వద్దండీ థాంక్యూ అన్నాను. ఓకే దెన్. ఆ తర్వాత ప్రతివారం తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని ఆ అట్టల మీది పేర్లన్నీ మెడ వంచి చదివేదాన్ని. ఒక్కటీ ముట్టుకోలేదు. ఆవిడ మళ్ళీ అడుగుతుందని నెలల తరబడి చూశాను. అడగలేదు.

వీడియో కాల్‌లో లావణ్య వాళ్ళమ్మ రోజూ అదే ప్రశ్న. "ఇంటామె మంచిగ చూసుకుంటాందా? తిన్నరా అని అడుగుతదా?"

"అడుగుతదమ్మా. ఒక్కపారి."

"ఒక్కపారి అడుగుడు అడుగుడేనా బిడ్డా? సర్కారోళ్ళు అడిగినట్టు!"

లావణ్య పుట్టినరోజుకు ఆవిడను కిందికి పిలిచాం. బగారన్నం, కోడికూర, పెరుగుపచ్చడి. ఆవిడ కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. కూర ఘాటుకు ముక్కు తుడుచుకుంటూ, బావుందంటూ, ఇష్టంగానే తింది. లావణ్య సంబరపడిపోయి ఇంకో గరిటె అన్నం వడ్డించబోయింది.

"చాలు, వద్దు."

"కొంచెమే ఆంటీ!" అని వేసేసింది.

ఆవిడ దాన్ని తింది. లావణ్య మళ్ళీ గరిటె ఎత్తింది. ఈసారి ఆవిడ అరచెయ్యి పళ్ళేనికి అడ్డం పెట్టింది. లావణ్య ఆ చేతి పక్కనుంచి సందు చూసి కూర వేసింది. నవ్వుతూనే. మా ఇళ్ళల్లో అందరూ చేసేదే.

ఆవిడ నవ్వలేదు. "వద్దన్నాను" అంది. గొంతు పెంచలేదు గానీ గదిలో గాలి బిగుసుకుపోయింది. పళ్ళెం ముందుకు తోసేసింది. మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. కాసేపటికి తొడలు చరుచుకుని లేచి, థాంక్యూ చెప్పి, పైకి వెళ్ళిపోయింది.

లావణ్య గిన్నెలు కడుగుతూ ఏడ్చింది. "పుట్టినరోజు నాడు పెట్టింది తోసేసి పోయింది. ఏం మనుషులే వీళ్ళు!"

ఇక ఆ ఆదివారం.

శనివారం సాయంత్రం నుంచే లావణ్యకు కడుపునొప్పి. గ్యాసేనని వాము నమిలి పడుకుంది. పొద్దున లేచేసరికి బయట గడ్డకట్టే వాన మొదలైంది. నీళ్ళలాగే పడుతుంది, తాకిన చోటల్లా గాజైపోతుంది. మా చిన్న కిటికీలోంచి చూస్తే గడ్డిపరకలు ఒక్కొక్కటి విడివిడిగా అద్దం తొడుక్కుని ఉన్నాయి. బస్సులు ఆగిపోయాయి. షిఫ్టుకు రాలేమని గోడౌనుకు మెసేజ్ పెట్టాను. అప్పటికి లావణ్య వాంతులు చేసుకుంటోంది.

రెండుసార్లు తట్టిన చప్పుడు. ఆవిడ మూడో మెట్టు మీద నిలబడి ఉంది.

"వాంతుల చప్పుడు వినిపిస్తోంది. ఎవరికి?"

లావణ్యకు అన్నాను. ఆవిడ నా భుజం మీదుగా మంచం వైపు చూసింది. "హాస్పిటల్‌కి తీసుకెళ్ళనా?"

నా కళ్ళముందే లావణ్య లేచి కూర్చుంది. అంతసేపూ మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్న పిల్ల, చున్నీతో మూతి తుడుచుకుని, జుట్టు చెవుల వెనక్కి దోపుకుని, నవ్వు కూడా తెచ్చుకుంది.

"నో నో ఆంటీ. ఐ యామ్ ఫైన్. జస్ట్ గ్యాస్."

ఆవిడ లావణ్యను చాలాసేపు చూసింది. తర్వాత నన్ను. నాకు ఏదో ఒకటి అనాలని ఉంది. లావణ్య వద్దన్నాక నేను కావాలంటే దాన్ని చిన్నబుచ్చినట్టు అవుతుందేమోనని స్టవ్ వైపు చూశాను.

"ఓకే దెన్. నేను పైనే ఉంటాను."

తలుపు మూసుకున్నాక లావణ్య నెమ్మదిగా పక్కకు ఒరిగింది.

"పోయిందా?"

"పోయింది."

"నిజంగనే పోయిందా?"

దుప్పటి దాని భుజాల దాకా లాగాను.

"ఇంకోపారి అడిగితే పోదామనుకున్ననే" అంది, గోడవైపు తిరుగుతూ.

కాసేపటికి బయట చప్పుడు. కిటికీలోంచి ఆవిడ బూట్లు మాత్రమే కనిపించాయి. మంచు కరగడానికి ఉప్పు చల్లుతోంది. తర్వాత కారు అద్దం మీద గీకుడు, కరకరమని, ఎడతెగకుండా. చాలాసేపు గీకి లోపలికొచ్చింది. వాన పడుతూనే ఉంది కాబట్టి గీకింది గీకినట్టే మళ్ళీ గడ్డకట్టి ఉంటుంది. ఇంకాసేపటికి మళ్ళీ బూట్లు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ గీకుడు.

"సూడు" అంది లావణ్య పళ్ళ బిగువున. "కింద మనిషి సస్తాంటే పైన కారు తోముకుంటాంది."

నాకూ ఒళ్ళు మండింది. ఆ గీకుడు నా పళ్ళమీద గీకినట్టుంది.

మధ్యాహ్నానికి నొప్పి కుడివైపు కిందకి దిగింది. కుడికాలు చాపలేకపోయింది. నుదురు ముట్టుకుంటే కాలుతోంది, దంతాలు మాత్రం చలికి కొట్టుకుంటున్నాయి. నేను ఫోను తీశాను.

"అంబులెన్స్ పిలుస్తా."

"వద్దు." నా మణికట్టు పట్టుకుంది. "బండొస్తే వీధంత చూస్తది. కాలేజీకి ఎరుకైతది. మా బాపుకు ఎరుకైతది. ఆయనకు మొన్ననే గుండెకు స్టంట్ ఏసిన్రు. వద్దంటే వద్దు."

అప్పుడే దాని ఫోను మోగింది. తెర మీద వాళ్ళమ్మ మొహం. ఇద్దరం ఆ ఫోను వైపు చూస్తూ అది ఆగేదాకా కూర్చున్నాం. ఆగాక లావణ్య నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అరుపు కాదు, మూలుగు కాదు. సన్నగా, పళ్ళ మధ్యనుంచి జారినట్టు. అది విన్నాక నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు.

మెట్లెక్కాను. పై తలుపు అవతల ఆవిడ వంటిల్లు. అన్ని నెలల్లో ఆ తలుపు నేను ఒక్కసారీ తట్టలేదు. తట్టవలసి వచ్చినప్పుడల్లా లావణ్యే తట్టేది. మనసులో ఇంగ్లీషు వాక్యాలు కట్టుకోవడం మొదలుపెట్టాను. సారీ టు డిస్టర్బ్ యూ. మీరు బిజీగా ఉన్నారేమో. ఒకవేళ మీకు వీలైతే. ఒక్కటీ చివరిదాకా వెళ్ళడం లేదు. అవతల కుర్చీ కిర్రుమంది. ఆవిడ అక్కడే ఉంది, తలుపుకు చాలా దగ్గరగా. కింద లావణ్య నా పేరు పిలిచింది, ఎవరో కొత్తవాళ్ళను పిలిచినట్టు.

తట్టాను. వెంటనే తలుపు తెరుచుకుంది, గుబ్బ మీద చెయ్యి ముందే ఉన్నట్టు.

ఆవిడ తన వంటింట్లో కోటు వేసుకుని ఉంది. బూట్లు తొడుక్కుని ఉంది. టోపీ కూడా. తలుపు పక్కనే ఒక కుర్చీ లాక్కుని ఉంది. చేతిలో కారు తాళాలు.

"మాకు సాయం కావాలి" అన్నాను. ముందు సారీ లేదు, వెనక ప్లీజ్ లేదు.

"ఓకే దెన్."

ముందు అంబులెన్స్‌కే ఫోను చేసింది. రోడ్ల మీద ఎక్కడ చూసినా యాక్సిడెంట్లేననీ, ఎంతసేపు పడుతుందో చెప్పలేమనీ అన్నారు. ఫోను పెట్టేసి కిందికొచ్చింది. ఆ పుట్టినరోజు తర్వాత మొదటిసారి మూడో మెట్టు దాటింది. ఇద్దరం లావణ్యను చెరో భుజం కింద పట్టుకుని బయటికి తెచ్చాం.

వీధి మొత్తం అద్దంలో పోతపోసినట్టుంది. పక్కింటాయన కారు, ఎదురింటి వ్యాను, చెట్లు, పోస్టు డబ్బాలు, అన్నీ మంచు పెంకులో. మా గుమ్మం నుంచి కారు దాకా మాత్రం ఉప్పు చల్లి చల్లి నల్లగా తడిసిన దారి. ఆ వీధిలో అద్దాలు శుభ్రంగా ఉన్న కారు అదొక్కటే. లోపల కూర్చుంటే సీట్లు వెచ్చగా ఉన్నాయి.

నా తొడ మీద తల పెట్టుకున్న లావణ్యకు అదేమీ కనపడలేదు. "అమ్మకు చెప్పకే" అంటోంది. "చెప్పకే."

దారిలో ఆవిడ మాతో ఒక్క మాట మాట్లాడలేదు. కారుతోనే మాట్లాడింది. మెల్లగా అమ్మా, మెల్లగా, అలాగే, అని. ఒకచోట చెట్టుకొమ్మ విరిగి రోడ్డు మీద పడి ఉంటే, ఎవరిదో వాకిట్లోంచి చుట్టు తిప్పింది. ఇంకోచోట కరెంటు పోయి సిగ్నళ్ళు ఆరిపోయి ఉన్నాయి. కారు తనంతట తను పక్కకు జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మళ్ళీ తిన్నగా ఉన్నాం. అద్దంలో ఆవిడ దవడ బిగిసి ఉంది.

హాస్పిటల్‌లో లావణ్యను లోపలికి తీసుకెళ్ళిపోయారు. అపెండిక్స్ అన్నారు. ఆపరేషన్ అన్నారు. ఆలస్యంగా తెచ్చారు అని నర్సు అనలేదు గానీ, ఎప్పటినుంచి నొప్పి అని రెండుసార్లు అడిగింది. ఆ తలుపు మూసుకుంది. ఇద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా ఎవరూ చూడని టీవీ.

నేను ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడే మనిషిని కాదు. ఆ రోజు మాట్లాడాను.

"మీరు మళ్ళీ ఎందుకు అడగలేదు?"

ఆవిడ నావైపు తిరిగింది.

"పొద్దున ఇంకొక్కసారి అడిగి ఉంటే వచ్చేది. తను అలాగే అంది. ఇంకోసారి అడిగితే వెళ్దామనుకున్నానని. దానికేమైనా అయితే?"

"తను వద్దంది" అంది ఆవిడ.

"మా ఇళ్ళల్లో మొదటి వద్దు మర్యాదకండీ. ఒక్కోసారి రెండోది కూడా. అడగ్గానే ఊ అనేస్తే ఆశపోతు అనుకుంటారు."

"మరి నిజంగానే వద్దనుకున్నప్పుడు ఏమంటారు?"

ఆలోచించాను. "వద్దు అనే అంటాం."

"అయితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"అడిగేవాళ్ళు మొహం చూస్తారు."

"నేను మొహం చూశాను, కిడ్డో. అందుకే బూట్లు తొడుక్కున్నా."

"చూశారు కదా! మరి అడగచ్చు కదా!"

"తను వద్దంది" అంది మళ్ళీ. ఈసారి ఆ మాట నాతో కాదు, ఎదురుగా ఉన్న టీవీతో అన్నట్టుంది. చేతులు రెండూ తొడల మీద ఉన్నాయి, లేవబోతున్నట్టు. లేవలేదు.

"మా అమ్మకు నా వద్దు ఎన్నడూ వినపడలేదు" అంది. "తిండి దగ్గర మొదలు. వద్దంటే ఇంకో గరిటె. ఏడిస్తే ఇంకో గరిటె. తర్వాత బట్టలు, తర్వాత చర్చి, తర్వాత ఎవరిని పెళ్ళి చేసుకోవాలో. అన్నీ ప్రేమే. ఆవిడది ప్రేమ కాదని నేనెప్పుడూ అనలేదు. అడిగిందే అడిగి, అడిగిందే అడిగి, చివరికి నేను సరే అనేదాకా. నేను ఆ ఇంట్లోంచి వచ్చేసిన రోజున ఒకటే అనుకున్నా. ఎవరినైనా ఏమైనా అడుగుతాను, సిగ్గుపడను. కానీ ఒక మనిషి నాతో వద్దంటే ఆ మాటను తోసి లోపలికి పోను. ఒక్కసారే అడుగుతాను."

నా నోట్లోంచి అనుకోకుండా వచ్చింది. "మేము అమెరికన్లంతా అంతే అనుకున్నాం."

ఆవిడ నవ్వింది. ఆ హాల్లో అంత పెద్దగా ఎవరూ నవ్వి ఉండరు. ఎవరో తల తిప్పి చూశారు.

"మా అమ్మ నాకంటే అమెరికన్" అంది.

పుట్టినరోజు నాటి గరిటె నాకు గుర్తొచ్చింది. ఆవిడకూ గుర్తొచ్చిందేమో తెలియదు. నేను క్షమించమనలేదు, ఆవిడా అనలేదు. నాకు ఇంకా కోపంగానే ఉంది. ఆవిడ చెప్పిందంతా అర్థమైంది, అయినా ఆ తలుపు వెనక లావణ్య ఉంది. అది బయటికి రాకపోతే, అర్థం చేసుకున్నది నేనేం చేసుకోను?

డాక్టరు వచ్చేసరికి కిటికీల్లో వెలుగు తగ్గుతోంది. అపెండిక్స్ అప్పటికే కారడం మొదలైందనీ, కడిగి శుభ్రం చేశామనీ, కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలనీ చెప్పింది. ఇంకా ఆలస్యం అయ్యుంటే తను ఇలా నిలబడి చెప్పేది కాదనీ అంది. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ మాత్రం కూర్చోలేదు. గోడవైపు తిరిగి టోపీ తీసి, చాలాసేపు ఆ టోపీని చూసుకుని, మళ్ళీ పెట్టుకుంది.

లావణ్యకు మెలకువ వచ్చాక మమ్మల్ని లోపలికి పంపారు. మంచంలో సగానికి సగం కుంచించుకుపోయి ఉంది. పెదాలు పొడిబారి పగిలాయి. నన్ను చూసి, "అమ్మకు చెప్పినవా?" అంది. లేదన్నాను. "చెప్దాంలే" అంది. "రేపు. నేనే చెప్త." కళ్ళు మూసుకుంది.

ఇప్పుడే నీళ్ళు తాగకూడదు గానీ నోరు తడుపుకోవడానికి ఇవ్వచ్చని నర్సు ఒక కప్పు నిండా ఐసు ముక్కలూ, ఒక చెంచా పెట్టి వెళ్ళింది. కప్పు ఆవిడ పక్కనే ఉంది. తీసుకుని మంచం చివర నిలబడింది. దగ్గరికి రాలేదు. ఇంట్లో మూడో మెట్టు మీద ఎలా నిలబడేదో అలాగే.

"ఐసు కావాలా?"

లావణ్య కళ్ళు తెరిచింది. నాలుకతో పెదాలు తడుపుకోబోయింది, తడి లేదు. ఆవిడను చూసి, అంత నీరసంలోనూ నవ్వడానికి ప్రయత్నం చేసింది.

"పర్లేదు ఆంటీ. నో నో. ఐ యామ్ ఫైన్."

గదిలో ఏదో మెషిన్ టిక్కుటిక్కుమంటోంది. ఓకే దెన్ కోసం చూశాను. ఆవిడ పెదాలు ఆ మాటకు సిద్ధమయ్యాయి కూడా. అంతలో నావైపు చూసింది. నేను ఏమీ అనలేదు, తల కూడా ఊపలేదు. ఆవిడ కప్పును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మంచం కమ్మీ పట్టుకుంది, వేళ్ళ కణుపులు తెల్లబడేలా. మెడ మీద ఆ ఎర్రటి మచ్చలు లేచాయి. అవి చెవుల దాకా పాకాయి. చెయ్యకూడని పనేదో అందరి ముందూ చేయబోతున్న మనిషిలా ఒకసారి తలుపువైపు చూసుకుంది. తర్వాత రెండడుగులు ముందుకు వేసి, తలగడ దాకా వచ్చి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"కావాలా?"

లావణ్య ఆవిడ మొహంలోకి చూసింది. నవ్వు పోయింది.

"కావాలి" అంది, తెలుగులోనే.

ఆవిడకు ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెంచా ముంచి, ఒక ముక్క తీసి, లావణ్య నోటికి అందించింది.